దవడ ముందా, మూత ముందా?

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన స్క్విడ్‌ని కడిగేటప్పుడు, దాని చేతులన్నీ కలిసే మొదట్లో వేళ్లతో గట్టిగా నొక్కుతారు. గట్టి ఉండ ఒకటి బయటికి జారుతుంది. దాన్ని తీసి పారేస్తారు. ఈరోజు మనం మాట్లాడుకోబోయేది ఆ పారేసే ఉండ సంగతి. దాన్ని కోసి చూస్తే లోపల రెండు ముక్కలు కనిపిస్తాయి. ముదురు గోధుమరంగులో ఉంటాయి. మొన దగ్గర నల్లగా ఉంటాయి. వంకీ తిరిగి, వాడిగా ఉంటాయి. అవే స్క్విడ్ దవడలు. పైది ఒకటి, కిందిది ఒకటి. పక్షి ముక్కులో పై భాగం కింది భాగాన్ని కప్పుతుంది. ఇక్కడ అది తారుమారు. కింది దవడే పై దవడను కప్పుకుని ఉంటుంది. మన దవడకి చెవి దగ్గర కీలు ఉంది. స్క్విడ్ దవడలకి కీలు లేదు. రెండూ ఆ కండరాల ఉండలో అమరి, కండరాల పట్టుతోనే కొరుకుతాయి. ఒంట్లో ఎముకన్నది లేని జంతువు ఇది. ఇంత మెత్తని ఒంట్లో ఇంత గట్టి కొరికే పనిముట్టు ఎలా వచ్చింది? ఎప్పుడు వచ్చింది? ఈ ప్రశ్నకి జవాబు రాళ్లలో వెతకాలి. కానీ ఆ రాళ్లు చాలాకాలం వరకు ఏమీ చెప్పవు. ఆ మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్నదే ఇవాళ్టి మాట.

ముందు ఈ కుటుంబాన్ని పరిచయం చేసుకుందాం. స్క్విడ్, కటిల్ ఫిష్, ఆక్టోపస్, నాటిలస్. వీటిని శీర్షపాదులు అంటారు. తలకే కాళ్లు ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. నత్తలకి, ఆల్చిప్పలకి ఇవి దగ్గరి చుట్టాలు. నాటిలస్‌కి ఇప్పటికీ ఒంటి బయట గుల్ల ఉంది. కటిల్ ఫిష్‌లో ఆ గుల్ల లోపలికి వెళ్లిపోయింది. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రఫేనం పేరుతో అమ్మే తెల్లటి తేలికైన ముక్క ఆ లోపలి గుల్లే. పూర్వపు శీర్షపాదుల్లో ఎక్కువ వాటికి బయటే గుల్ల ఉండేది. గుల్ల సున్నంతో చేసింది. సున్నం రాయిలో నిలుస్తుంది. అందుకే వాటి గుల్లలు ప్రపంచమంతటా శిలాజాలుగా దొరుకుతాయి. పూజగదిలో సాలగ్రామం ఉన్నవారు ఒకటి గమనించి ఉంటారు. నేపాల్‌లోని గండకీ నది నుంచి వచ్చే ఆ నల్లరాయిలో చక్రంలా చుట్టలు తిరిగిన ముద్ర ఉంటుంది. అది అమ్మోనైట్ అనే శీర్షపాది గుల్ల ముద్ర. మన రాష్ట్రంలోనూ అమ్మోనైట్లు దొరికాయి. ప్రకాశం ప్రాంతంలోని బూదవాడ ఇసుకరాళ్లలో దొరికాయి. గోదావరి ప్రాంతంలోని రాఘవాపురం బంకరాళ్లలో దొరికాయి. 1933లో స్పాత్ అనే పండితుడు బూదవాడ అమ్మోనైట్ ఒకదానికి ఆ ఊరిపేరే కలిపి పాస్కోయైటిస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. అంటే ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చి, ఈ జీవులు అక్కడ ఈదాయి. అయితే అవి క్రెటేషియస్ కాలం నాటివి. సుమారు 13 కోట్ల ఏళ్లవి. మన ప్రశ్నకి అది చాలా ఇటీవలి కాలం. మనం ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఎంత వెనక్కి? అందరూ ఒప్పుకునే మొదటి శీర్షపాది గుల్లలు చైనాలో, కేంబ్రియన్ కాలం చివరి రాళ్లలో దొరికాయి. వాటి వయసు దాదాపు 49 కోట్ల ఏళ్లు. కెనడా తూర్పు తీరంలో అంతకంటే పాతవి, 52 కోట్ల ఏళ్లవి దొరికాయని 2021లో కొందరు ప్రకటించారు గానీ, దానిమీద వాదం నడుస్తోంది. ఆ తర్వాత వచ్చిన ఆర్డొవిషియన్ కాలంలో ఈ జీవులు సముద్రాలన్నిటా వ్యాపించాయి. కొన్నిటి గుల్లలు నిటారుగా, కొన్ని మీటర్ల పొడవు పెరిగాయి. గుల్లలకి కొదవే లేదు. మరి దవడలు? తిరుగులేకుండా దవడ అని చెప్పగలిగినవి డెవోనియన్ కాలం చివరి రాళ్లలోనే మొదటిసారి కనిపిస్తాయి. జర్మనీలో, మొరాకోలో దొరికాయి. వాటి వయసు 37 కోట్ల ఏళ్ల నుంచి 36 కోట్ల ఏళ్ల మధ్య. లెక్క చూడండి. గుల్లలు 49 కోట్ల ఏళ్ల కిందట. దవడలు 37 కోట్ల ఏళ్ల కిందట. మధ్యలో 12 కోట్ల ఏళ్లు. మన బూదవాడ అమ్మోనైట్లు బతికిన నాటి నుంచి నేటి వరకు గడిచిన కాలం ఎంతో, దాదాపు అంత ఖాళీ. ఆ 12 కోట్ల ఏళ్లూ ఈ జంతువులకి దవడలు లేవా? ఉన్నా మనకి మిగల్లేదా?

ఇక్కడ ఒక చిన్న సూత్రం మనకి పనికొస్తుంది. ఏదైనా దొరకలేదు అన్నప్పుడు వెంటనే లేదు అనుకోకూడదు. ఉండే ఉంటుందిలే అనీ అనుకోకూడదు. ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఉండి ఉంటే మిగిలేదా? అంతే. దీన్ని మన విశాఖ రాళ్లతోనే పరీక్షించి చూద్దాం. కైలాసగిరి, సింహాచలం కొండల్లో శిలాజాలు దొరకవు. ఆ కొండల రాయి పేరు ఖోండలైట్. ఒకప్పుడు అది బురదా ఇసుకా పేరుకున్న రాయే. కానీ సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట అది భూమి లోతుల్లోకి వెళ్లి, 800 డిగ్రీలకి పైబడిన వేడిలో మగ్గి, పూర్తిగా కొత్త రాయిగా మారింది. అందులో ఏ జీవి ముద్ర ఉన్నా చెరిగిపోయేదే. కాబట్టి సింహాచలం కొండ మౌనం మనకేమీ చెప్పదు. ఇప్పుడు రెండో రాయి. మన ఉక్కు కర్మాగారానికి జగ్గయ్యపేటలో సొంత సున్నపురాయి గని ఉంది. ఆ సున్నపురాయి కడప శిలల కుటుంబానికి చెందిన పల్నాడు భాగంలోది. ఆ రాళ్లు అంతగా కాలలేదు, నలగలేదు. అదే కుటుంబంలోని వేంపల్లె రాళ్లలో సూక్ష్మజీవుల పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకున్న గుర్తులు స్పష్టంగా నిలిచాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. అంత పలచని పొరలు నిలిచినచోట గట్టి గుల్లలు నిలవవా? నిలుస్తాయి. కానీ గుల్ల ఒక్కటీ లేదు. ఎందుకు? ఆ సున్నం పేరుకున్న కాలానికి గుల్ల కట్టుకునే జంతువులు ఇంకా పుట్టలేదు. ఇక్కడ మౌనం మాట్లాడుతోంది. చూశారా, రెండు చోట్లా దొరకలేదు అన్నదే జవాబు. కానీ మొదటిది చెల్లని సాక్ష్యం. రెండోది చెల్లే సాక్ష్యం. తేడా అంతా ఉండి ఉంటే మిగిలేదా అన్న ప్రశ్నలోనే ఉంది.

ఇప్పుడు దవడల దగ్గరికి వద్దాం. మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. గుల్ల సున్నం కాబట్టి మిగిలింది. దవడ సున్నం కాదు. అది కైటిన్ అనే పదార్థం, ప్రోటీన్ కలిసి తయారైంది. రొయ్య పొట్టులో ఉండేదీ కైటినే. కైటిన్‌ని బాక్టీరియా తినేస్తుంది. అందుకే దవడలు కుళ్లిపోయి ఉంటాయి, మనకి దొరకలేదు అంటారు కొందరు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఇందులో సగం నిజం ఉంది. అయితే మిగతా సగం చూడండి. శీర్షపాది దవడ అంత సులువుగా అరిగేది కాదు. ఆంధ్ర తీరంలో పడే పసుపురెక్కల టూనా ఏం తింటుందో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి 2010లో ప్రచురించారు. ఆ కడుపుల్లో చేపలూ పీతలతో పాటు స్క్విడ్లూ ఉన్నాయి. ఇలాంటి పరిశీలనల్లో స్క్విడ్ ఒళ్లంతా అరిగిపోయినా దవడలు మాత్రం అరగకుండా మిగులుతాయి. వాటి ఆకారం చూసి ఏ జాతో చెప్పగలరు. వాటి కొలత చూసి స్క్విడ్ ఎంత పెద్దదో అంచనా కట్టగలరు. స్పెర్మ్ తిమింగలం కడుపులో ఇలాంటి దవడలు వేలకొద్దీ పేరుకుంటాయి. కోట్ల విలువ చేస్తుందని పత్రికల్లో చదివే ఆంబర్‌గ్రీస్ ఆ తిమింగలం పేగుల్లో తయారవుతుంది. అందులోనూ ఈ దవడలు ఇరుక్కుని కనిపిస్తాయి. అంటే దవడ గట్టిదే. దాన్ని తినే బాక్టీరియాకి ప్రాణవాయువు అందని నల్లబురదలో పడితే అది నిలిచే అవకాశం ఉంది. మన బంగాళాఖాతంలోనే కొన్ని వందల మీటర్ల లోతున ప్రాణవాయువు బాగా తక్కువైన నీటిపొర ఉంది. పూర్వపు సముద్రాల్లోనూ అలాంటి చోట్లు ఉండేవి. డెవోనియన్ చివర్లో దవడలు దొరికిన మొరాకో రాయి అలాంటి నల్లబురద రాయే.

మరి అంతకంటే పాత నల్లబురద రాళ్లు ఏం చెబుతున్నాయి? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇక్కడే కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో సూమ్ షేల్ అనే రాతిపొర ఉంది. ఆర్డొవిషియన్ కాలం చివరిది. దాదాపు 44.5 కోట్ల ఏళ్లది. మెత్తని శరీర భాగాలు కూడా అందులో నిలిచాయి. సారా గాబట్ అనే శాస్త్రవేత్త ఆ రాతిలోని నిటారు గుల్లల శీర్షపాదుల్ని పరిశీలించి 1999లో వివరాలు ప్రచురించింది. వాటిలో కొన్నిటికి రాడ్యులా కనిపించింది. రాడ్యులా అంటే వరసగా సన్నని పళ్లు ఉన్న నాలుక. నత్తలకి ఉంటుంది. స్క్విడ్‌కీ ఉంటుంది, దవడల వెనకాల. ఇంకొక ఉదాహరణ బొలీవియాలో దొరికింది. అక్కడి, ఆర్డొవిషియన్ తర్వాతి సైలూరియన్ కాలపు శీర్షపాదిలో రాడ్యులా ఉందని 1984లో జర్మన్ శాస్త్రవేత్త మేల్ చూపించాడు. ఇప్పుడు మన ప్రశ్న వేయండి. ఉండి ఉంటే మిగిలేదా? రాడ్యులా కూడా కైటినే. దవడతో పోలిస్తే చాలా చిన్నది. దాని పళ్లు సూక్ష్మదర్శినిలో చూడాల్సినంత సన్నవి. అంత చిన్నది నిలిచిన నోట్లో, దానికి ముందు ఉండాల్సిన, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన దవడ కనిపించలేదు. ఇది సింహాచలం కొండ మౌనం కాదు. జగ్గయ్యపేట సున్నపురాయి మౌనం. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలా నోటి భాగాలు నిలిచిన పాత శిలాజాలు చాలా కొద్ది. రెండు మూడు చోట్ల సాక్ష్యంతో తుది తీర్పు చెప్పలేం. కానీ తూకం ఎటు మొగ్గుతోందో చెప్పగలం. ఆర్డొవిషియన్ చివరి వరకు కనీసం కొన్ని శీర్షపాదులకైనా ఇప్పటి స్క్విడ్‌కి ఉన్నలాంటి దవడలు లేవు అన్నవైపే అది మొగ్గుతోంది.

దవడ లేకుండా ఏం తిన్నాయి అని మీరు అడగవచ్చు. తినగలవు. నత్త దవడలతో కొరకదు, రాడ్యులాతో గీకి తింటుంది. నీటిలో తేలే చిన్న జీవుల్ని, అడుగున పేరుకున్న కుళ్లిన పదార్థాన్ని చేతులతో పోగుచేసుకోవడానికి దవడ అవసరం లేదు. పైగా దవడ ఉన్నవన్నీ పెద్ద వేటగాళ్లే అనుకోవడం కూడా తప్పు. 2011లో ఇజబెల్ క్రూటా, నీల్ లాండ్‌మన్ బృందం అమెరికాలో దొరికిన బాక్యులైటిస్ అనే అమ్మోనైట్‌ని ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ ఎక్స్‌రే కేంద్రంలో పరీక్షించింది. రాతిని పగలగొట్టకుండానే దాని దవడలు, రాడ్యులా కనిపించాయి. నోట్లో చివరి ముద్ద కూడా అలాగే ఉంది. అందులో చిన్నచిన్న జలచరాల ముక్కలున్నాయి. నత్త పిల్లల గుల్లలున్నాయి. అంత పెద్ద దవడ ఉన్న జీవి తిన్నది అంత చిన్న తిండి. కాబట్టి దవడ ఆకారం ఒక్కటే చూసి తిండి చెప్పలేం. ఈ సంగతి గుర్తుంచుకోండి. దవడకి కొరకడం తప్ప వేరే పని ఉండకూడదా అన్న ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది.

దవడ ఎప్పటికల్లా వచ్చి ఉండాలో ఇంకో వైపు నుంచి కూడా లెక్కకట్టవచ్చు. అన్నదమ్ములు వేరుపడి రెండు ఊళ్లలో కాపురం పెట్టారనుకోండి. రెండిళ్లలోనూ ఒకే చేతిపని, ఒకే చెక్కడం ఉన్న పాత భోషాణాలు ఉన్నాయి. ఎవరికివారు విడిగా చేయించుకున్నారంటే నమ్మలేం. ఉమ్మడి ఇంట్లో ఉన్నప్పుడే అవి తయారయ్యాయి అనుకుంటాం. శీర్షపాదుల కుటుంబంలో నాటిలస్ ఒక ఇల్లు. స్క్విడ్, కటిల్ ఫిష్, ఆక్టోపస్ రెండో ఇల్లు. రెండిళ్లలోనూ దవడలున్నాయి. రెండిళ్లలోనూ పైది ఒకటి, కిందిది ఒకటి. రెండిళ్లలోనూ కిందిది పైదాన్ని కప్పుతుంది. రెండిళ్లలోనూ ఒక్కో దవడలో లోపలి రేకు, వెలుపలి రేకు అని రెండు రేకులున్నాయి. నాటిలస్ దవడ మొనకి సున్నం పూత అదనంగా ఉంది, అంతే తేడా. కాబట్టి ఈ రెండిళ్లూ వేరుపడకముందే దవడ ఉంది. మరి ఎప్పుడు వేరుపడ్డాయి? జన్యువుల్లో పేరుకున్న మార్పుల్ని లెక్కకట్టి, శిలాజాలతో సరిచూసి, క్రోగర్, వింథర్, ఫుక్స్ అనే ముగ్గురు 2011లో ఒక అంచనా ఇచ్చారు. సైలూరియన్ ముగిసి డెవోనియన్ మొదలయ్యే వేళ, అంటే 41 నుంచి 42 కోట్ల ఏళ్ల కిందట. ఇప్పుడు రెండు అంచులు దొరికాయి. 44.5 కోట్ల ఏళ్ల కిందటి నోట్లో రాడ్యులా ఉంది, దవడ లేదు. 41.5 కోట్ల ఏళ్ల కిందటికల్లా దవడ వచ్చి ఉండాలి. అంటే దవడ పుట్టిన కాలం ఈ మధ్యలో వెతకాలి. సైలూరియన్ కాలంలో వెతకాలి.

ఆ కాలపు రాళ్లలోనే ఒక వింత వస్తువు ఉంది. దాని పేరు ఆప్టికాప్సిస్. మూడు పలకల చిన్న కూర్పు అది. పక్కలకి రెండు పెద్ద పలకలు. వాటి మధ్య ఒక చిన్న మూడుమూలల పలక. మూడూ కలిపితే గుండ్రటి బిళ్ల అవుతుంది. బొహీమియా రాళ్లని జీవితమంతా చదివిన యోఆకిమ్ బరాండ్ 1872లో దీనికి ఆ పేరు పెట్టాడు. రొయ్య జాతి జంతువు పైడొప్ప అనుకున్నాడు. వందేళ్లు ఎక్కువమంది అదే అనుకున్నారు. 1978లో చెక్ శాస్త్రవేత్త టురెక్, ఈ పలకలు నిటారు గుల్లల శీర్షపాదుల గుల్ల నోటి దగ్గర ఉన్న నమూనాల్ని చూపించాడు. గుల్ల నోరు ఎంత గుండ్రమో బిళ్ల అంత గుండ్రం. అంటే అవి రొయ్యవి కావు. ఈ శీర్షపాదులవే. మరి ఎందుకు? దవడలా, మూతలా? 1984లో స్వీడన్ శాస్త్రవేత్త స్ట్రిడ్స్‌బర్గ్ సరిగ్గా ఇదే ప్రశ్నతో వ్యాసం రాసి, మూత అన్న జవాబువైపు మొగ్గాడు. చెరువు నత్తని ముట్టుకుంటే లోపలికి ముడుచుకుని గుల్ల నోటికి ఒక బిళ్ల అడ్డం పెట్టుకుంటుంది. ఈ జీవులూ శత్రువు వస్తే లోపలికి ముడుచుకుని ఈ మూడు పలకల మూత బిగించుకునేవి. కొరకడానికి పనికొచ్చే వాడి అంచు వీటికి లేదు. కాబట్టి మూత అన్న మాట సబబే అనిపిస్తుంది.

కానీ మూత అని తేలితే దవడ కథకి దీనితో సంబంధం లేదా? ఇక్కడ అమ్మోనైట్ల చరిత్ర మనకి దారి చూపిస్తుంది. జురాసిక్, క్రెటేషియస్ కాలాల అమ్మోనైట్ల గుల్లల నోటి దగ్గర సున్నపు పలకల జత ఒకటి తరచుగా దొరుకుతుంది. దాన్ని ఆప్టికస్ అంటారు. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాళ్లలో ఇవి గుల్ల నోట్లోనే అమరి కనిపిస్తాయి. ఒకప్పుడు వీటిని వేరే ఆల్చిప్పలు అనుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం మూతలు అన్నారు. ఆకారం గుల్ల నోటికి సరిపోతుంది కాబట్టి ఆ మాట అందరికీ నచ్చింది. 1970ల తొలినాళ్లలో జర్మన్ శాస్త్రవేత్త ఉల్రిచ్ లేమన్ శిలాజాల్ని పలచని పొరలుగా అరగదీసి లోపల చూశాడు. ఆ పలకలకి ఎదురుగా పై దవడ ఉంది. రెండిటి మధ్య రాడ్యులా ఉంది. అంటే ఆప్టికస్ కింది దవడే. వాదం అక్కడితో ముగిసిందనుకున్నారు. 1990లో అదే లేమన్, కులిట్స్కీతో కలిసి ఇంకో మాట అన్నాడు. అది దవడే, కానీ అవసరమైనప్పుడు మూతగా కూడా పనిచేసి ఉండాలి అన్నాడు. కొరకడానికి అంత వెడల్పు, అంత మందం సున్నపు పలక అక్కర్లేదు. గుల్ల నోటిని మూసేందుకైతే కావాలి. ఒకే భాగం రెండు పనులు చేస్తుందన్న ఈ మాట చాలా విలువైనది. దవడా మూతా అని ఒకటే ఎంచుకోమనే ప్రశ్నే సరైంది కాదేమో అని అది చెబుతోంది.

రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ మిరోనెంకో 2021లో ఈ పోగుల్ని ఒకచోట ముడివేశాడు. పాతకాలపు ఈ మూత పలకలన్నిటినీ మళ్లీ పరిశీలించి, శీర్షపాదుల దవడలు పుట్టింది వీటి నుంచే అని వాదించాడు. ముందు మూత. ఆ మూత నోటి దగ్గరికి జరిగింది. దాని అంచు కొరకడానికి అలవాటు పడింది. అమ్మోనైట్లలో అదే భాగం మళ్లీ పాత పనికి కూడా వాడుకలోకి వచ్చింది. నాకు ఈ వాదన బలంగా కనిపిస్తుంది. కారణం కాలం. రెండు అంచుల మధ్య ఏ కాలంలో దవడ పుట్టాలని లెక్క తేలిందో, ఆ కాలంలోనే ఈ మూడు పలకల మూతలు విరివిగా ఉన్నాయి. ఆకారం కూడా కలుస్తుంది. అయినా దీనిమీద వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. వాటికి జవాబు చెప్పకుండా ముందుకెళ్లడం న్యాయం కాదు.

మూత బయట ఉంటుంది, దవడ నోటి లోపల ఉంటుంది, బయటిది లోపలికి ఎలా వెళుతుంది అని అడుగుతారు. శీర్షపాదిలో నోరు చేతుల మధ్యలో, గుల్ల ముంగిట్లోనే ఉంటుంది. లోపలికి ముడుచుకున్నప్పుడు గుల్ల నోటికి అడ్డం వచ్చే భాగమూ అదే. దూరం మనం అనుకున్నంత లేదు. మెత్తని పలక కొరికే మొనగా ఎలా మారింది అని కూడా అడుగుతారు. దీనికి బతికున్న స్క్విడ్ జవాబు చెబుతుంది. హంబోల్ట్ స్క్విడ్ దవడని కాలిఫోర్నియాలో ఆలీ మిసెరెజ్, హెర్బర్ట్ వెయిట్ బృందం పరీక్షించి 2008లో ప్రచురించింది. మొన దగ్గర అది చాలా గట్టిది. కండరాలకి అతుక్కునే చివర మెత్తనిది. రెండు చివరల గట్టిదనంలో దాదాపు 100 రెట్లు తేడా. అయినా మొత్తం ఒకే కైటిన్. నీరు తగ్గి, ప్రోటీన్ల అల్లిక బిగిసేకొద్దీ గట్టిపడుతూ వస్తుంది. మొన గట్టిదై, మొదలు కూడా గట్టిదైతే కొరికినప్పుడల్లా దాని చుట్టూ ఉన్న కండ కోసుకుపోతుంది. కాబట్టి ఒక కైటిన్ పలక అంచుని మెల్లగా గట్టిపరిస్తే చాలు. కొత్త పదార్థమేదీ పుట్టక్కర్లేదు.

ఇంకా గట్టి అభ్యంతరం వంశవృక్షం వైపు నుంచి వస్తుంది. గుల్లల ఆకారం ఆధారంగా గీసిన కొన్ని వంశవృక్షాల్లో నాటిలస్ శాఖ ఆర్డొవిషియన్‌లోనే విడిపోయినట్టు ఉంటుంది. అదే నిజమైతే అన్నదమ్ములు మనం అనుకున్నదానికంటే ముందే వేరుపడ్డారు. అప్పుడు దవడ ఇంకా పాతదై ఉండాలి. లేదా రెండుసార్లు పుట్టి ఉండాలి. రెండుసార్లు పుట్టడం నేను నమ్మలేను. రెండు రేకుల నిర్మాణం, కిందిది పైదాన్ని కప్పడం, ఇన్ని పోలికలు యాదృచ్ఛికంగా కలవవు. ఇక దవడ ఇంకా పాతదైతే సూమ్ షేల్‌లో కనిపించని లోటుకి కారణం చెప్పాలి. జన్యువుల లెక్కలోనూ కోట్ల ఏళ్ల అటూఇటూ ఉంటుంది. అందుకే ఈ అభ్యంతరాన్ని కొట్టివేయను. కానీ ఇప్పుడున్న సాక్ష్యాలన్నీ ఇబ్బంది లేకుండా ఇమిడేది సైలూరియన్ కాలంలోనే. సరిగ్గా ఆ తర్వాతే, డెవోనియన్‌లో, దవడలున్న చేపలు సముద్రాన్ని నింపేశాయి. చేపల పోటీ వల్లే శీర్షపాదులకి దవడ వచ్చిందని కొందరంటారు. ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు కాబట్టి, ఆ మాటకి నేనింకా బరువు ఇవ్వను.

ఏ వాదనకైనా అది ఎక్కడ ఓడిపోతుందో ముందే చెప్పగలగాలి. మూత నుంచి దవడ వచ్చిందన్న మాటకి ఆ పరీక్ష ఇది. గుల్ల నోటికి ఆప్టికాప్సిస్ మూత బిగించి ఉండి, అదే జీవి నోట్లో విడిగా పై దవడా కింది దవడా రెండూ ఉన్న శిలాజం ఒక్కటి దొరికితే చాలు. మూత, దవడ ఒకటి కావని తేలిపోతుంది. ఈ వాదన పడిపోతుంది. అలా కాక మూత వెనకాల రాడ్యులా ఒక్కటే ఉన్న నమూనాలు వరసగా దొరికితే వాదన నిలుస్తుంది. ఈ వెతుకులాటకి ఇప్పుడు పనిముట్టు ఉంది. జపాన్‌లోని హొక్కాయిడో విశ్వవిద్యాలయంలో ఇకెగామి, ఇబా బృందం రాతిని పొర తర్వాత పొరగా అరగదీస్తూ, ప్రతి పొరనీ ఫొటో తీసి, కంప్యూటర్‌లో తిరిగి పేర్చింది. 2025లో వారు ప్రకటించిన ఫలితం చూడండి. క్రెటేషియస్ రాళ్ల లోపల 263 స్క్విడ్ దవడలు బయటపడ్డాయి. సుమారు 40 జాతులవి. స్క్విడ్లు 10 కోట్ల ఏళ్ల కిందటే సముద్రంలో విస్తారంగా ఉన్నాయని తేలింది. అంతకుముందు స్క్విడ్ శిలాజాలు దాదాపు లేవనే అనుకునేవారు. దవడలు అక్కడే ఉన్నాయి, రాయి లోపల. పైకి కనిపించనివి కాబట్టి ఎవరూ చూడలేదు. ఈ పద్ధతిలో రాయి మిగలదు, పొడి అయిపోతుంది. అందుకే ఏ రాయి ఎంచుకోవాలన్నది పెద్ద నిర్ణయం. బూదవాడ, రాఘవాపురం రాళ్లు ఈ పనికి రావు. అవి చాలా ఇటీవలివి. మన దేశంలో ఈ ప్రశ్న అడగదగిన చోటు హిమాలయాల్లోని స్పితి, పిన్ లోయ. అక్కడ ఆర్డొవిషియన్, సైలూరియన్ సముద్రాల రాళ్లు ఉన్నాయి. 1912లో కౌపర్ రీడ్ వాటి శిలాజాల్ని వర్ణించాడు. అక్కడి సున్నపురాయిలో గుల్ల నోరు చెడకుండా ఉన్న నిటారు శీర్షపాది దొరికితే, గుల్ల అందం కోసం దాన్ని శుభ్రం చేసి అద్దాల పెట్టెలో పెట్టకూడదు. ఆ నోట్లో గడ్డకట్టిన మట్టితో సహా పొర పొరగా అరగదీసి చూడాలి.